వీధిలో మనిషి – 3: కాజాలోంచి చూసిన కన్ను

పారిస్‌లో బుల్వార్ దు తాంప్ల్ అనే వీధిని 1838లో లూయీ దాగేర్ మేడ మీది కిటికీలోంచి ఫొటో తీశాడు. నాటకశాలలకు పేరుపడ్డ వీధి అది. పగలంతా బళ్లూ గుర్రాలూ జనమూ తెరిపి లేకుండా తిరిగే చోటు. ఫొటోలో మాత్రం ఊరంతా వలసపోయినట్టు బోసిగా కనిపిస్తుంది. వెండి పూత వేసిన రాగి రేకు మీద బొమ్మ పడటానికి ఆ రోజుల్లో కొన్ని నిమిషాలు పట్టేది. అంతసేపూ కదలకుండా ఉన్న ఇళ్లూ చెట్లూ రేకు మీద నిలిచాయి, కదిలిందల్లా చెరిగిపోయింది. కింద ఒక మూలన ఎవరో కాలు ఎత్తిపెట్టి బూటు పాలిష్ చేయించుకుంటూ నిలబడ్డాడు. కదలకుండా నిలబడ్డాడు కాబట్టి అతను మిగిలాడు. అతని కాళ్ల దగ్గర కూర్చున్న పనివాడు కొంత మసకగా మిగిలాడు. 1839 మార్చిలో పారిస్‌లో ఉన్న శామ్యూల్ మోర్స్, టెలిగ్రాఫ్‌తో పేరు తెచ్చుకున్న ఆ మోర్సే, దాగేర్ దగ్గర ఈ బొమ్మలు చూసి అమెరికాకు రాసిన ఉత్తరంలో ఈ బూటు మనిషి సంగతి ప్రత్యేకంగా ప్రస్తావించాడు. ఆ ఉత్తరం అతని తమ్ముళ్ల పత్రిక ‘న్యూయార్క్ అబ్జర్వర్’లో అచ్చయింది.

ఫొటోలో ఆనవాలుగా పడ్డ తొలి మనిషి ఇతనేనని చరిత్రకారులు సాధారణంగా చెబుతారు. పైనుంచి ఒకాయన తనను రేకు మీదికి దించుకుంటున్నాడని అతనికి తెలియదు. అతని పేరు లోకానికి తెలియదు. దారిన పోయే మనిషిని ఏమరుపాటున బొమ్మ తీయడం, అలా చూస్తే, ఫొటోగ్రఫీతోపాటే పుట్టింది. దాగేర్ దాన్ని కావాలని చేయలేదు, వీధి తీస్తుంటే మనిషి పడ్డాడు. మనిషి కోసమే వీధిలోకి వెళ్లి అతనికి తెలియకుండా తీయాలంటే బరువు తగ్గిన కెమెరా, రెప్పపాటులో బొమ్మ పట్టే పలక కావాలి. ఆ రెండూ చేతికందడానికి మరో 40 ఏళ్లు పట్టింది.

మధ్యలో నడిచిన కాలాన్ని తడి పలకల కాలం అంటారు. ఇంగ్లండ్‌లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ 1851లో ప్రకటించిన కొలోడియన్ పద్ధతిలో గాజు పలకకు అక్కడికక్కడే పూత పూయాలి, పూత ఆరేలోపు ఫొటో తీయాలి, ఆరేలోపే రసాయనాల్లో కడగాలి. ఫొటో తీసేవాడి వెంట చీకటి గుడారం, సీసాలు, నీళ్లు, ముక్కాలిపీట అన్నీ కదలాలి. అంత సరంజామాతో వీధి మలుపులో దిగితే చుట్టూ జనం గుమిగూడకుండా ఉండరు. జాన్ థామ్సన్ 1877–78లో లండన్ బీదల జీవితాన్ని ఫొటోలతో నెలనెలా భాగాలుగా ప్రచురించిన ‘స్ట్రీట్ లైఫ్ ఇన్ లండన్’ గొప్ప పని. అందులోని మనుషులు నిజమైన వీధి మనుషులే. కానీ వాళ్లు నిలబడమన్నచోట నిలబడ్డారు, కదలొద్దంటే ఊపిరి బిగబట్టారు. కెమెరా ముందు ఉన్నామని వాళ్ల ముఖాలే చెబుతాయి.

గాజు పలకను ఆరబెట్టి వాడుకునే దారి రిచర్డ్ మాడక్స్ అనే ఇంగ్లీషు వైద్యుడు 1871లో చూపించాడు. కొలోడియన్ బదులు జెలటిన్ వాడాడు. 1878లో చార్లెస్ బెన్నెట్ ఆ జెలటిన్ ద్రావకాన్ని కొన్ని రోజులు వెచ్చగా ఉంచితే వెలుగును పట్టే శక్తి ఎన్నో రెట్లు పెరుగుతుందని కనిపెట్టాడు. అక్కడితో సెకన్లలో లెక్కపెట్టే కాలం పోయి, సెకనులో ఎన్నో వంతు అని లెక్కపెట్టే కాలం వచ్చింది. పలకలు దుకాణంలో డబ్బాల్లో దొరికాయి. తీసినవాడు ఇంటికెళ్లి తీరిగ్గా కడుక్కోవచ్చు. ముక్కాలిపీట అక్కర్లేదు. మరి జనం ఎందుకు గుమిగూడతారు?

1883లో న్యూయార్క్‌లో విలియం ష్మిడ్ అనే అతను చేతిలో పట్టుకుని తీసే పెట్టె కెమెరాకు పేటెంటు తీసుకుని దాన్ని ‘డిటెక్టివ్ కెమెరా’ పేరుతో అమ్మాడు. పేరు బాగా పట్టుబడింది. చూడ్డానికి కెమెరాలా లేని ప్రతి కెమెరానూ జనం డిటెక్టివ్ కెమెరా అనసాగారు. పుస్తకంలో దాచినవి, టోపీలో దాచినవి, చేతికర్రలో, జేబు గడియారంలో దాచినవి వరసగా బజారుకొచ్చాయి. వీటిలో చాలావరకు ఆటవస్తువులే. నిజంగా పనికొచ్చింది ఒకటుంది. రాబర్ట్ గ్రే అనే అమెరికన్ ఆలోచనను కొనుక్కుని స్టిర్న్ సోదరులు 1886 నుంచి బెర్లిన్, న్యూయార్క్‌ల నుంచి అమ్మిన వెయిస్ట్‌కోటు కెమెరా. పలచటి లోహపు పళ్లెంలా ఉంటుంది. మెడకు తగిలించుకుని కోటు లోపల ఛాతీ మీద వేలాడేసుకోవాలి. పైకి పొడుచుకొచ్చిన చిన్న లెన్సు కోటు కాజాలోంచి గుండీలా బయటకు చూస్తుంది. జేబులోకి వచ్చే దారాన్ని లాగితే షట్టరు కదులుతుంది. లోపలి గుండ్రటి గాజు పలక మీద నాలుగు సెంటీమీటర్లకు కాస్త పైబడిన గుండ్రటి బొమ్మలు ఆరు పడతాయి. ఒక్కో బొమ్మకూ పలకను తిప్పుకోవాలి. ఆరు అయ్యాక ఇంటికెళ్లి పలక మార్చుకోవాలి.

ఈ కెమెరాను అతి చక్కగా వాడినవాడు ఫొటోగ్రాఫర్ కాదు. కార్ల్ స్టోర్మర్ 1874లో పుట్టాడు. నార్వే రాజధాని ఆస్లోను అప్పట్లో క్రిస్టియానియా అనేవాళ్లు. అక్కడి విశ్వవిద్యాలయంలో గణితం చదువుతున్న రోజుల్లో, 1893 నుంచి నాలుగైదేళ్లపాటు, కోటు లోపల స్టిర్న్ కెమెరా తగిలించుకుని నగరం నడిబొడ్డున కార్ల్ యోహాన్ వీధిలో పచార్లు చేశాడు. సుమారు 500 బొమ్మలు తీశాడు. పెద్ద టోపీ పెట్టుకుని నడిచొస్తున్న నాటకకర్త హెన్రిక్ ఇబ్సెన్ వాటిలో ఉన్నాడు. పేరున్న వాళ్లూ లేని వాళ్లూ ఉన్నారు. స్టోర్మర్ కిటుకు చాలా మామూలుది. ఎదురుగా వచ్చేవాళ్లకు దగ్గరగా వెళ్లి మర్యాదగా పలకరిస్తాడు. వాళ్లు టోపీ ఎత్తుతారు, చిరునవ్వు నవ్వుతారు, తల వంచుతారు. సరిగ్గా అప్పుడు జేబులో దారం లాగుతాడు. వృద్ధాప్యంలో ఒక విలేకరికి చెప్పిన ప్రకారం మొదట్లో ఈ పనికి దిగింది తనకు పరిచయం లేని ఒక అమ్మాయి బొమ్మ కావాలనే.

ఆ కాలపు స్టూడియో ఫొటోల్లో పెదవి కదలదు. మెడ కదలకుండా వెనక ఇనుప ఊత పెట్టి కూర్చోబెట్టేవాళ్లు. స్టోర్మర్ బొమ్మల్లో 1890ల నాటి యూరప్ మనుషులు నడుస్తారు, నవ్వుతారు, ఎండకు కళ్లు చికిలిస్తారు. వందేళ్ల నాటి మనిషి పక్కింటి మనిషిలా కనిపించడం వీటిని చూసినవాళ్లను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. ఆ ఆశ్చర్యం న్యాయమైనదే. అయితే ఆ నవ్వుల గురించి ఒక మాట చెప్పుకోవాలి. వాళ్లు నవ్వింది పలకరించిన కుర్రాడిని చూసి. కెమెరాను చూసి కాదు. ఒక మర్యాదకు బదులుగా ఇచ్చిన నవ్వును అతను పలక మీద దాచుకున్నాడు. స్టోర్మర్ తర్వాత ఉత్తర ధ్రువపు వెలుగుల మీద పరిశోధనలో ప్రపంచ ప్రసిద్ధుడయ్యాడు. దూరంగా ఉన్న రెండు చోట్ల నుంచి ఒకేసారి ఆకాశాన్ని ఫొటో తీసి ఆ వెలుగులు ఎంత ఎత్తున ఉన్నాయో లెక్కగట్టాడు. వేల ఫొటోలు తీశాడు. కార్ల్ యోహాన్ వీధి బొమ్మలను మాత్రం చాలా ఏళ్లు తన దగ్గరే ఉంచుకున్నాడు. ముసలితనంలో కానీ అవి జనం ముందుకు రాలేదు.

అదే దశకంలో హైదరాబాదులో ఫొటో ఎలా ఉండేదో పక్కన పెట్టి చూస్తే ఈ తేడా ఇంకా తెలుస్తుంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లో అక్కడ జనానా స్టూడియో తెరిచాడు. పరదా పాటించే కుటుంబాల ఆడవాళ్ల కోసం ఎత్తైన గోడల మధ్య ఏర్పాటు చేసిన స్టూడియో అది. లోపల ఫొటో తీసే బాధ్యత ఒక ఆంగ్ల మహిళది. తన బొమ్మ ఎవరు తీయాలి, తీసేటప్పుడు తనను ఎవరు చూడాలి అన్నది అక్కడ బొమ్మ దిగే మనిషి తరఫున ముందే తేలిపోయేది. క్రిస్టియానియా వీధిలో ఆ ప్రశ్న అడిగే వీలే ఎదుటివాళ్లకు లేదు. ఒకే కాలం, ఒకే రకం గాజు పలక.

లండన్‌లో పాల్ మార్టిన్ కథ కూలి చేసి బతికిన మనిషి కథ. 1864లో ఫ్రాన్స్‌లో పుట్టి చిన్నప్పుడే లండన్ చేరాడు. పత్రికల కోసం చెక్క అచ్చులు చెక్కేవాడు. ఫొటోలను నేరుగా అచ్చువేసే పద్ధతి వచ్చి ఆ పనిని మింగేస్తున్న రోజులవి. 1892 ప్రాంతంలో ‘ఫెసైల్’ అనే పెట్టె కెమెరా కొన్నాడు. లోపల డజను పలకలుండే ఆ పెట్టెను చంకలో పెట్టుకుంటే కొట్లోంచి సరుకు తెచ్చుకుంటున్న మనిషిలా ఉంటుంది. ఆ పొట్లంతో యార్మత్ సముద్రతీరంలో ఇసుక మీద ఒకరి మీద ఒకరు వాలి పడుకున్న జంటలను తీశాడు. లండన్ వీధుల్లో ఐసు అమ్మేవాళ్లను, కూలీలను, పిల్లలు బండరాళ్ల మీద ఆడే నాట్యాన్ని తీశాడు. విక్టోరియా రాణి కాలం అనగానే బిగుసుకున్న కాలరు గుర్తొచ్చేవాళ్లకు ఆ ఇసుక మీది జంటలు వేరే కాలాన్ని చూపిస్తాయి.

మార్టిన్ తన ఫొటోలతో చేసిన ఒక పని ఇప్పుడు చూస్తే మనసును ఇబ్బంది పెడుతుంది. వీధి దృశ్యంలోంచి మనిషిని వేరు చేసి, చుట్టూ ఉన్నదంతా నల్లగా కప్పేసి, కాళ్ల కింద దిమ్మె గీసి, రాతి విగ్రహంలా తయారుచేసేవాడు. లాంతరు ప్రదర్శనల్లో వాటికి మంచి ఆదరణ ఉండేది. పుట్టగొడుగుల్లా వీధి నిండా ఉన్న మనుషుల్లోంచి ఒకణ్ని ఏరి గౌరవించాలనే ఉద్దేశం అందులో ఉందనుకోవచ్చు. కానీ మనిషిని అతని వీధిలోంచి ఊడదీశాక మిగిలేది కూలీ అన్న రకం, పాలవాడు అన్న రకం. వీధి ఫొటోకు ప్రాణం ఆ మనిషి వెనక ఉన్న గోడ, పక్కన పోతున్న బండి, కింద పడిన నీడ. మార్టిన్ ముడి నెగటివ్‌లలో అవన్నీ ఉన్నాయి. ఈరోజు అతన్ని గుర్తుంచుకున్నది వాటి వల్లే.

ఇవన్నీ ఒకరిద్దరు ఆసక్తిపరుల పనులు. జనాన్ని నిజంగా కలవరపెట్టింది 1888లో జార్జి ఈస్ట్‌మన్ అమ్మకానికి పెట్టిన కోడాక్. 25 డాలర్ల పెట్టె. లోపల 100 బొమ్మలకు సరిపడా ఫిల్ము చుట్ట ముందే అమర్చి ఉంటుంది. అయిపోయాక పెట్టెను కంపెనీకి పంపితే 10 డాలర్లకు కడిగి, అచ్చుతీసి, కొత్త చుట్ట వేసి తిరిగి పంపుతారు. రసాయనాల గొడవే లేదు. 1900లో ఒక డాలరు ‘బ్రౌనీ’ రావడంతో పిల్లల చేతికీ కెమెరా వచ్చింది. వీధిలో, తీరంలో, ఎదురింటి అరుగు మీద ఎవరు ఎప్పుడు ఎవరిని తీస్తారో తెలియని స్థితి ఒక్క దశాబ్దంలో వచ్చిపడింది.

న్యాయశాస్త్రం ఆ కలవరానికి జవాబు చెప్పిన తీరు ఈ చరిత్రలో అతి ముఖ్యమైన మలుపు. 1890 డిసెంబర్ 15న ‘హార్వర్డ్ లా రివ్యూ’లో బోస్టన్ న్యాయవాదులు శామ్యూల్ వారెన్, లూయీ బ్రాండైస్ రాసిన వ్యాసం అచ్చయింది. మనిషికి ఏకాంతపు హక్కు ఉందని వాదించిన ఆ వ్యాసంలో ఒక భాగం పూర్తిగా కెమెరా సాంకేతికత మీదే నిలబడింది. వాళ్ల తర్కం ఇలా సాగుతుంది. ఫొటో దిగాలంటే మనిషి కూర్చుని తీరాల్సిన కాలంలో, తీసేవాడికీ దిగేవాడికీ మధ్య ఒప్పందం ఉండేది. ఒప్పందాన్ని మీరితే ఒప్పందాల చట్టమే చాలు. ఇప్పుడు దిగేవాడికి తెలియకుండానే తీయొచ్చు. ఇద్దరి మధ్య ఒప్పందమే లేనప్పుడు ఏ ఒప్పందాన్ని మీరాడని కోర్టుకు వెళ్లాలి? కాబట్టి హక్కు అన్నది ఒప్పందం లోంచి కాక మనిషి లోంచే పుట్టాలి. జెలటిన్ పలక వేగం పెరగడం వల్ల న్యాయశాస్త్రంలో ఒక కొత్త హక్కు మొలిచిందంటే అతిశయోక్తి కాదు. అదే ఏడాది న్యూయార్క్ రంగస్థలం మీద ఒక నటిని ఆమె ఒద్దన్నా ప్రేక్షకుల పెట్టెలోంచి మెరుపు దీపంతో ఫొటో తీయడం, ఆమె కోర్టుకెక్కడం జరిగాయి. ఆ కేసునూ వ్యాసకర్తలు ఉదాహరించారు. భారత సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనంతో తీర్పు చెప్పినప్పుడు ఈ 1890 నాటి వ్యాసాన్ని కూడా చర్చించింది.

వ్యాసం వేరు, చట్టం వేరు. న్యూయార్క్ రాష్ట్రంలో ఒక పిండి మిల్లు ఒక యువతి ఫొటోను ఆమెనడగకుండా ప్రకటనగా 25,000 కాగితాల మీద అచ్చువేయించింది. ఆమె కోర్టుకు వెళితే 1902లో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం నలుగురికి ముగ్గురి మెజారిటీతో అలాంటి హక్కు చట్టంలో లేదని తేల్చింది. పత్రికలు, జనం మండిపడ్డారు. మరుసటి ఏడాదే శాసనసభ చట్టం చేసింది. ప్రకటనలకూ వ్యాపారానికీ ఒకరి పేరునో బొమ్మనో వాడుకోవాలంటే వాళ్ల రాతపూర్వక అనుమతి ఉండాలి. ఇక్కడ జాగ్రత్తగా గమనించాల్సింది ఒకటుంది. 1903 చట్టం ఫొటో వాడకాన్ని కట్టడి చేసింది. వీధిలో ఫొటో తీయడాన్ని ముట్టుకోలేదు. జర్మనీ మరో దారిన వెళ్లింది. 1898లో బిస్మార్క్ చనిపోయిన గదిలోకి ఇద్దరు ఫొటోగ్రాఫర్లు దొంగచాటుగా చొరబడి శవాన్ని ఫొటో తీసిన ఉదంతం దేశాన్ని కుదిపేసింది. 1907లో వచ్చిన చట్టం మనిషి బొమ్మను ప్రచురించాలంటే, కొన్ని మినహాయింపులతో, అతని సమ్మతి కావాలంది. వీధి ఫొటోల మీద ఈనాటికీ అమెరికా ఒకలా, యూరప్ మరోలా ఆలోచించడానికి వేళ్లు ఈ రెండు చట్టాల కాలంలోనే ఉన్నాయి.

కాజా కెమెరా ఆటవిడుపు అయితే, దాచి తీయడాన్ని కళగా నిలబెట్టినవాడు న్యూయార్క్ వాసి పాల్ స్ట్రాండ్. 1890లో పుట్టాడు. ఎథికల్ కల్చర్ స్కూల్లో అతనికి ఫొటోగ్రఫీ నేర్పిన గురువు లూయిస్ హైన్, అమెరికా మిల్లుల్లో గనుల్లో పనిచేసే పసిపిల్లల ఫొటోలు తీసి దేశం కళ్లు తెరిపించిన మనిషి. 1916లో స్ట్రాండ్‌కు ఒక ఆలోచన వచ్చింది. ముఖం కెమెరాను చూసి సర్దుకోకముందు ఎలా ఉంటుందో అలా దగ్గర నుంచి తీయాలి. దగ్గర నుంచి అంటే రెండు మూడు బారల దూరం. అంత దగ్గర పెద్ద పెట్టె కెమెరాను ఎలా దాస్తాడు? దాచలేదు. కెమెరా పక్కభాగానికి ఒక ఉత్తుత్తి లెన్సు బిగించాడు. చూసేవాళ్లకు అతను ఎటో పక్కకు గురిపెట్టినట్టు ఉంటుంది. అసలు లెన్సు చేతి కింద నుంచి లంబకోణంలో వాళ్లనే చూస్తుంటుంది. అలా న్యూయార్క్ బీదల పేటల్లో ముసలివాళ్లనూ ఆవలిస్తున్న ఆవిడనూ బరువైన బోర్డు మెడకేసుకుని తిరిగే ప్రకటనల కూలీనీ తీశాడు.

వాటిలో అన్నిటికంటే ప్రసిద్ధమైనది గుడ్డి బిచ్చగత్తె బొమ్మ. మెడలో ‘గుడ్డిది’ అని పెద్ద అక్షరాలతో రాసిన పలక. దాని పైన లోహపు బిళ్ల, వీధిలో అమ్ముకోవడానికి నగరపాలక సంస్థ ఇచ్చిన లైసెన్సు. నంబరు 2622. వెనక రాతి గోడ. ఒక కన్ను మూసుకుపోయి ఉంది, మరో కన్ను ఎటో పక్కకు తిరిగి ఉంది. ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ నడిపిన ‘కెమెరా వర్క్’ పత్రిక 1917 జూన్‌లో తన చివరి సంచికలో స్ట్రాండ్ ఫొటోలు 11 వేసింది. ఈ బొమ్మ కింద ఉన్న శీర్షిక ‘ఫొటోగ్రాఫ్ – న్యూయార్క్’, అంతే. నగరానికి ఆమె నంబరు తెలుసు, ఆమె పేరును స్ట్రాండ్ అడగలేదు, చరిత్ర దాచలేదు.

ఈ బొమ్మ గొప్పతనాన్ని ఒప్పుకుంటూనే దాని ముందు తటపటాయించని విమర్శకుడు తక్కువ. ఉత్తుత్తి లెన్సు అవసరం మిగతావాళ్ల విషయంలో ఉండొచ్చు. ఆమె విషయంలో అదెందుకు? ఆమెకు ఏ లెన్సూ కనిపించదు. చూసే హక్కు అంతా ఒకవైపే ఉన్న చోట తీసిన బొమ్మ ఇది. అయినా దాన్ని తీసేయలేం, తీసేయకూడదు కూడా. ఆ నంబరు బిళ్లను, ఆ పలకను ఆమె మెడలో వేసిన నగరం ముఖాన్ని అంత సూటిగా చూపిన బొమ్మ ఆ కాలంలో మరొకటి లేదు. స్ట్రాండ్ స్వయంగా ఈ పద్ధతిని ఎక్కువ కాలం సాగించలేదు. తర్వాతి దశాబ్దాల్లో అతను తీసిన పల్లెటూరి మనుషులు కెమెరా కళ్లలోకి నేరుగా చూస్తారు.

1920లలో కెమెరా చిన్నదైంది. వెట్స్‌లార్‌లోని లైట్స్ కంపెనీలో పనిచేసే ఓస్కార్ బార్నాక్‌కు ఉబ్బసం. బరువైన పలకల కెమెరా మోయలేక, సినిమా ఫిల్ముతో నడిచే చిన్న కెమెరా నమూనాను 1914 నాటికే తయారుచేసుకున్నాడు. సినిమా ఫ్రేముకు రెట్టింపు, 24×36 మిల్లీమీటర్ల బొమ్మ. అదే ‘లైకా’ అయి 1925లో లైప్‌జిగ్ వసంత సంతలో జనం ముందుకొచ్చింది. ఒక్కసారి ఫిల్ము వేస్తే 36 బొమ్మలు. దీనికి పోటీగా జైస్ ఐకాన్ కంపెనీ 1932లో ‘కోంటాక్స్’ తెచ్చింది. ఎర్మనాక్స్ అనే మరో చిన్న కెమెరాకు అసాధారణంగా వెలుగు పట్టే లెన్సు ఉండేది. దానితో బెర్లిన్ న్యాయపట్టభద్రుడు ఎరిష్ సాలమన్ కోర్టు గదుల్లో, అంతర్జాతీయ సమావేశాల్లో ఆవలించే మంత్రులను, కునికే దౌత్యవేత్తలను తీశాడు. లండన్ పత్రిక ‘గ్రాఫిక్’ అతని బొమ్మలకు వాడిన ‘కాండిడ్ కెమెరా’ అనే మాటే తర్వాత ఈ రకం ఫొటోలన్నిటికీ పేరైంది. యూదుడైన సాలమన్‌ను నాజీలు 1944లో ఆష్విట్స్‌లో చంపారు. అతను తీసింది వీధి మనుషులను కాదు, అధికారంలో ఉన్నవాళ్లను. వాళ్ల ఏమరుపాటును తీయడం, బిచ్చగత్తె ఏమరుపాటును తీయడం ఒకే తూకానికి రావు.

స్ట్రాండ్ తీసిన గుడ్డి స్త్రీ బొమ్మను 1920ల చివర్లో న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో పాత ‘కెమెరా వర్క్’ సంచిక తిరగేస్తూ ఒక పాతికేళ్ల యువకుడు చూశాడు. తాను చేయాల్సింది ఇదేనని అప్పుడే అతనికి తోచింది. అతని పేరు వాకర్ ఎవాన్స్. 1936లో రచయిత జేమ్స్ ఏజీతో కలిసి అలబామా పత్తి కౌలుదార్ల ఇళ్లలో గడిపాడు. వాళ్లను తీసిన బొమ్మల్లో దాపరికం లేదు. తలుపు ముందు, గోడ ముందు నిలబడి వాళ్లు కెమెరాను తమ ఇష్టప్రకారం చూశారు. ఆ పని మీద వచ్చిన పుస్తకంలో ఏజీ వాళ్ల అసలు పేర్లు మార్చి రాశాడు. అంతటి మనిషి, ఆ పని ముగించిన కొద్దికాలానికే, 1938లో కెమెరాను కోటులో దాచుకుని న్యూయార్క్ భూగర్భ రైలెక్కాడు.

అతని ఏర్పాటు ఇది. 35 మిల్లీమీటర్ల కోంటాక్స్. మెరిసే క్రోమియం మీద నల్ల రంగు. కెమెరా ఓవర్‌కోటు లోపల ఛాతీకి ఆనుకుని ఉంటుంది, లెన్సు రెండు గుండీల సందులోంచి చూస్తుంది. షట్టరును కదిపే తీగ కోటు చేతిలోంచి అరచేతిలోకి వస్తుంది. ఓవర్‌కోటు ఉండాలి కాబట్టి ఎక్కువగా చలికాలంలో తిరిగాడు. టికెట్టు ఐదు సెంట్లు. స్టిర్న్ కెమెరాకూ దీనికీ మధ్య 50 ఏళ్లు గడిచాయి, ఉపాయం మళ్లీ గుండీ దగ్గరికే వచ్చి ఆగింది. చాలాసార్లు స్నేహితురాలు హెలెన్ లెవిట్‌ను పక్కన కూర్చోబెట్టుకునేవాడు. ఇద్దరు మాట్లాడుకుంటూ కూర్చుంటే ఎదుటివాళ్లు పట్టించుకోరు.

ఈ పద్ధతిలో ఫొటోగ్రాఫర్ వదులుకున్నది చాలా ఉంది. ఎవాన్స్ కెమెరాలోంచి చూడలేడు. ఎవరు ఎక్కాలో, ఎదుటి సీట్లో ఎవరు కూర్చోవాలో అతని చేతిలో లేదు. వెలుగు డబ్బాలోని బల్బులు ఇచ్చినంతే. తాను ఎక్కడ కూర్చోవాలి, ఎప్పుడు తీగ నొక్కాలి అన్న రెండే అతనివి. చుట్టూ ఉన్నవాళ్లను ఎంచుకోకుండా, కూర్చోబెట్టకుండా, నగరం తనంతట తాను ఎదురుగా తెచ్చి కూర్చోబెట్టిన ముఖాలను వరసగా నమోదు చేయాలని అతని ఆశయం. 1941 వరకు, విరామాలతో, సుమారు 600 బొమ్మలు తీశాడు. టోపీ పెట్టుకున్న గుమస్తాలు, ఉన్ని కోటు మెడకు నక్కతోలు చుట్టుకున్న ఆవిడలు, పత్రిక చదివేవాళ్లు, ఒళ్లో పిల్లను పెట్టుకున్న తల్లులు, నిద్రపోయేవాళ్లు. రైల్లో ఎదురెదురుగా కూర్చున్నవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా ఎక్కడో శూన్యంలోకి చూస్తారు. హైదరాబాదు మెట్రోలో రోజూ ప్రయాణించేవాళ్లు ఆ చూపును వెంటనే గుర్తుపడతారు. తెచ్చిపెట్టుకున్నదేదీ లేని ఆ ముఖాల్లో అలసట ఉంది, దిగులు ఉంది, ఒక్కోసారి ఎవరినో తలుచుకున్నట్టు మెత్తదనం ఉంది.

తీసినవాడు వాటిని ఏం చేశాడన్నది తీసిన తీరు కంటే విలువైన భాగం. ఏజీ 1940లోనే ముందుమాట రాసిచ్చాడు. పుస్తకం రాలేదు. 1955లో ఏజీ చనిపోయాడు. 1956లో కేంబ్రిడ్జ్ నుంచి వెలువడే ఒక చిన్న పత్రికలో కొన్ని బొమ్మలు కనిపించాయి. పుస్తకం ‘మెనీ ఆర్ కాల్డ్’ 1966లో బయటికొచ్చింది. అందులో 89 బొమ్మలు. అదే ఏడాది న్యూయార్క్ ఆధునిక కళా సంగ్రహాలయం వాటిని ప్రదర్శించింది. తీసిన చివరి బొమ్మకూ పుస్తకానికీ మధ్య పాతికేళ్లు గడిచాయి. ప్రచురణకర్త దొరకకపోవడం కొంత కారణం కావచ్చు. కానీ కావాలనే ఆగానని ఎవాన్స్ రాతల్లో ఉంది. తాను చేసింది చొరబాటేనని, మొరటు పనేనని, కాలం గడవనివ్వడం వల్ల దాని పదును కొంత తగ్గుతుందని అతను భావించాడు. తనను తాను పశ్చాత్తాపపడే గూఢచారితో పోల్చుకున్నాడు. ఈ వరుసలో ఇంతవరకు చెప్పుకున్నవాళ్లలో ఎదుటి మనిషికి తాను బాకీ ఉన్నానని ఇంత స్పష్టంగా రాసుకున్నవాడు ఎవాన్స్. బాకీ తీర్చాడా అంటే చెప్పడం కష్టం. ఐదు సెంట్ల టికెట్టుతో ఇంటికెళ్తున్న వాళ్లెవరూ పాతికేళ్ల గడువు తమకు కావాలని అడగలేదు, చాలనీ చెప్పలేదు.

అతని పక్కన కూర్చున్న హెలెన్ లెవిట్ తన సొంత దారి వెతుక్కుంది. హార్లెమ్ తూర్పుపేట వీధుల్లో లైకాతో పిల్లలను తీసింది. చాలాసార్లు లంబకోణపు చూపుడు అద్దం బిగించుకుని ఎటో చూస్తున్నట్టు నిలబడి పక్కనున్నవాళ్లను తీసేది. స్ట్రాండ్ ఉత్తుత్తి లెన్సుకు అది మనవరాలు వరస. కానీ ఆమె కోటులో ఏదీ దాచుకోలేదు. రోజుల తరబడి అదే పేటలో తిరిగితే ఆమె ఉనికికి పిల్లలు అలవాటుపడ్డారు. అరుగుల మీద వేషాలు కట్టి ఆడుకున్నారు, గోడల మీద సుద్దతో బొమ్మలు గీశారు. ఆ సుద్ద బొమ్మలనూ ఆమె ఫొటో తీసింది. అవి లేకపోతే ఆ రాతల ఆనవాళ్లు మరుసటి వానకే పోయేవి.

ఎవాన్స్ రైలు బొమ్మల్లో ఒకటి మిగతా వాటికి భిన్నంగా ఉంటుంది. మిగతావి ఎదుటి సీట్లోని ఒకరిద్దరి ముఖాలైతే, ఇందులో డబ్బా పొడుగంతా కనిపిస్తుంది. రెండు వైపులా ప్రయాణికులు కూర్చుని ఉన్నారు. మధ్య దారిలో అకార్డియన్ వాయిస్తూ ఒక గుడ్డివాడు నిలబడి ఉన్నాడు. స్ట్రాండ్ బొమ్మకు ఇరవై ఏళ్లు దాటాక, అదే నగరంలో. కూర్చున్నవాళ్లు అతనికేసి చూడకుండా ఎవరి ఆలోచనల్లో వాళ్లున్నారు. ఆ డబ్బాలో అతనివైపు గురిపెట్టి ఉన్న కన్ను ఒకటి ఒక ఓవర్‌కోటు గుండీల సందులో ఉంది.